పాత వెర్షన్‌కు ఏ ఫిక్సులు ఇవ్వాలి, ఏవి ఇవ్వకూడదు?

చీమకుర్తి: గ్రానైట్ క్వారీలకు కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. వెర్షన్ 5 వచ్చినా చాలామంది ఇంకా 3 మీదే ఉన్నారు. 5లో సరిచేసిన వాటిలో ఏవి 3కి బ్యాక్‌పోర్ట్ చేయాలో (వెనక్కి తెచ్చి పాతదాంట్లో పెట్టాలో) మా టీములో తేలడం లేదు. బిల్లులో డబ్బు తప్పుపడేవి, డేటా పోయేవి, బయటివాళ్లు చొరబడే దారులు, ఇవి మాత్రమే ఇవ్వాలని నా మాట.

నెల్లూరు: నేనైతే ఒక్కటీ ఇవ్వను. పాతదాంట్లో పెట్టేది కూడా కొత్త కోడే. 2023 డిసెంబరులో లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం మూల ప్రోగ్రామ్) 6.1.64 సంగతి చూడండి. డిస్కులో ఫైళ్లు దాచే ఈఎక్స్‌టీ4 భాగంలో మార్పు ఒకటి పాత వెర్షన్ బ్రాంచిలోకి తెచ్చారు, దానికి ముందు ఉండాల్సిన ఇంకో మార్పు తేలేదు. మెయిన్‌లైన్లో, అంటే కొత్త పని జరిగే అసలు వరుసలో, బాగున్న కోడే ఇక్కడ డేటా పాడుచేసేదిగా తయారైంది. ఆ కెర్నెల్‌తో వచ్చే డెబియన్ అనే లినక్స్ సిస్టం 12.3 విడుదల ఆపాల్సి వచ్చింది. అంతమంది చూసేచోటే అట్లా జరిగితే, చిన్న టీములో ఎవరు పట్టుకుంటారు?

కావలి: అన్నా, కాటా గదిలో ఉండేవి పాత కంప్యూటర్లు. మారమంటే మారరు, బగ్గుతోనే నడుపుకుంటారు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు, అది ఉన్న ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి సరిచేసిన 1.0.1జి వచ్చినా, డెబియన్ తన 1.0.1ఇ లోనే ఆ ఫిక్సు పెట్టింది. మిగతాదేదీ కదలలేదు. సరే, 2025 సెప్టెంబరు 22 నుంచి గ్రానైట్ బ్లాకుల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అది బగ్ కాదు గదా, 3కి ఇవ్వరా?

చీమకుర్తి: ఇవ్వాల్సిందే, డబ్బు తప్పుపడుతుంది. పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే 12తోనే రావాలి, కాబట్టి అంకె మార్చితే సరిపోదు, తేదీని బట్టి రేటు పట్టాలి. నెల్లూరు గారి భయం నాకూ ఉంది. అందుకే ఫిక్సు ముందు 5లో నడవాలి, అది ఏయే మార్పుల మీద ఆధారపడిందో రాయాలి, 3లో పాత డేటాతో పరీక్షించాలి. కెర్నెల్ విడుదలైన వెర్షన్లకు ఫిక్సులిచ్చే స్టేబుల్ టీము వాళ్లు కూడా మెయిన్‌లైన్లో లేనిది తీసుకోరు, ప్యాచ్‌కి వంద లైన్ల హద్దు పెట్టుకున్నారు. రిపోర్టు నెమ్మదిగా వస్తోందని క్వారీల నుంచి ఫోన్లు ఆగడం లేదు. అయినా అది ఇవ్వను, ఆ ఫిక్సు డేటాబేస్ టేబుళ్లనే మారుస్తుంది.

నెల్లూరు: అట్లయితే 3 ఆపే తేదీ కూడా ఇప్పుడే చెప్పండి. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం ఫిక్సులు అందే) కెర్నెళ్లకు ఆరేళ్లు ఇచ్చేవాళ్లు, మోయలేక 2023లో రెండేళ్లకు తగ్గించారు.