40 జీ షాక్‌కి 80 జీ స్టాటిక్ లోడ్ పెట్టడం సరైనదేనా?

కొత్త_బ్రాకెట్: మూడు కిలోల ఎలక్ట్రానిక్ బాక్సు, ఎల్ ఆకారపు అల్యూమినియం బ్రాకెట్ మీద కూర్చుంటుంది. తట్టుకోవాల్సిన షాక్: 40 జీ (గురుత్వ త్వరణానికి 40 రెట్లు), 11 మిల్లీసెకన్లు, హాఫ్ సైన్ (సైన్ తరంగంలో సగం, ఒకే గుబ్బ). మా సీనియర్ "రెండుతో గుణించి 80 జీ స్టాటిక్‌గా పెట్టెయ్" అన్నారు, అంటే ఊగుడు లెక్కించకుండా నిలకడ బరువులా. పెడితే మడత దగ్గర స్ట్రెస్ యీల్డ్ (లోహం శాశ్వతంగా వంగిపోయే హద్దు) దాటుతోంది. మందం పెంచితే బరువు ఒప్పుకోరు. అసలీ రెండు ఎక్కడిది?

నట్టూబోల్టూ: మీ సీనియర్ తప్పేం చెప్పలేదు. ఒక స్ప్రింగు, దాని మీద ఒక మాస్ అనుకోండి. ఒక్కసారి పెరిగి ఒక్కసారి తగ్గే పల్స్ ఏదైనా సరే, డ్యాంపింగ్ (ఊగుడుని అణిచే గుణం) బొత్తిగా లేకపోయినా రెస్పాన్స్ రెండింతలు దాటదు. బ్రాకెట్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ తెలియనప్పుడు ఇంతకన్నా ఏం పెడతాం?

మోడ్‌షేప్: తెలియనప్పుడు సరే. అడిగినాయన దగ్గర కంప్యూటర్ మోడల్ ఉంది కదండీ, ఫ్రీక్వెన్సీ తీయడానికి ఎంతసేపు? ఆ రెండింతలు దీర్ఘచతురస్రపు పల్స్‌కి. హాఫ్ సైన్‌కి గరిష్ఠం 1.77. అదైనా ఫ్రీక్వెన్సీని పల్స్ కాలంతో గుణిస్తే 0.8 దగ్గర పడినప్పుడే, అంటే ఇక్కడ 73 హెర్ట్జ్ చుట్టుపక్కల. బ్రాకెట్ 240 హెర్ట్జ్‌లో ఉంటే 1.1 చిల్లర, సుమారు 45 జీ.

అదే బాక్సుని రబ్బరు మౌంట్ల మీద 10 హెర్ట్జ్‌కి దించితే 17 జీ చాలు. అప్పుడే సంబరపడకండి, ఆ 17 జీ కోసం మౌంటు 43 మిల్లీమీటర్లు కదలాలి. చోటు చాలక అడుగు తగిలిందంటే లెక్కంతా గాలికి పోయినట్టే. జీ అంకె చూసి మురిసి, కదలిక మరిచిపోయిన డ్రాయింగులు నేనూ గీశాను ఒకప్పుడు.

నట్టూబోల్టూ: 1.1ని నమ్మి పలక సన్నం చేస్తారు. మోడల్లో బోల్టు దగ్గర ఫిక్స్‌డ్ అని పెట్టేస్తారు, అసలు జాయింటుకి అంత గట్టితనం ఎక్కడిది? 240 కాస్తా 120 అయితే?

మోడ్‌షేప్: ఈ మాట ఒప్పుకుంటా. అలాంటప్పుడు 120 నుంచి 240 దాకా మొత్తం చూసి అందులో పెద్దది తీసుకోవాలి. 1.6 వస్తుంది, 64 జీ. అప్పటికీ 80 కాదుగా!

డ్యాంపర్: ఇద్దరూ బ్రాకెట్ దగ్గరే ఆగిపోయారు. బాక్సు లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది, అది ఇంకో స్ప్రింగు. దానికి తగిలేది శుభ్రమైన హాఫ్ సైన్ కాదు, దాని మీద బ్రాకెట్ ఊగుడు కూడా కలిసి వస్తుంది. రెండిటి ఫ్రీక్వెన్సీలూ దగ్గరగా ఉంటే "రెండింతలు దాటదు" అన్న హామీ బోర్డుకి లేదు. మోడల్ మొత్తానికి ఒకే జీ పెడితే ఇది కనిపించే దారే లేదు. రెండిటి మధ్య కనీసం రెండింతల తేడా ఉంచడం వాడుక. అది కుదరకపోతే స్టాటిక్ మానేసి ట్రాన్సియెంట్ (కదలికని క్షణక్షణానికీ లెక్కించే పద్ధతి) చేయండి.

నట్టూబోల్టూ: అంటే నా 80 కూడా తక్కువే కావచ్చు అంటారు!

డ్యాంపర్: బోర్డుకి, అవును. బ్రాకెట్‌కి మాత్రం ఎక్కువే.

కొత్త_బ్రాకెట్: ఫ్రీక్వెన్సీలు తీశాను. బోల్టులు ఫిక్స్ చేస్తే 231, జాయింటుకి కాస్త మెత్తదనం ఇస్తే 148. అక్కడ 1.44 పడుతోంది, 58 జీ. యీల్డ్ లోపే ఉంది, బొటాబొటిగా. సీనియర్‌కి చూపించాను, ఇంకా ఏమీ అనలేదు. బోర్డు ఫ్రీక్వెన్సీ ఎంతని బాక్సు తయారుచేసేవాళ్ళని అడిగితే, "అది మీకెందుకు?" అని తిరిగి మెయిల్ పెట్టారు.