బావి చుక్క చుక్క తీస్తుంటే టెక్సాస్ ఆయిల్ లీజు మొత్తం బతికి ఉన్నట్టేనా?

శ్రీధర్:
టెక్సాస్ లీజుల్లో మొదట మూడేళ్లో అయిదేళ్లో గడువు ఉంటుంది. ఆ తర్వాత "ఆయిల్ గానీ గ్యాస్ గానీ ఉత్పత్తి అవుతున్నంత కాలం" అని రాస్తారు. మూలనున్న ఒక్క పాత బావి కాస్త కాస్త తీస్తుంటే వందల ఎకరాలు కంపెనీ చేతిలోనే ఉండిపోతాయి. ఇది అన్యాయం. నష్టం వచ్చిన నెలలోనే లీజు పోవాలంటాను.

వెంకట్:
శ్రీధర్ గారూ, నెల లెక్క పెడితే ఒక్క లీజూ నిలవదు. ధర పడిపోతుంది, పంపు చెడిపోతుంది. 1959లో క్లిఫ్టన్ వర్సెస్ కూంట్జ్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. సముచితమైన కాలం మీద రాబడి, నిర్వహణ ఖర్చు పోల్చాలి. బావి తవ్విన ఖర్చు ఆ లెక్కలోకి రాదు. నష్టమే వచ్చినా, వివేకం గల ఆపరేటర్ లాభం కోసం ఆ బావిని నడిపేవాడా, లేక భూమిని ఊరికే పట్టి ఉంచడానికి నడుపుతున్నాడా అన్నది చూడాలి.

లక్ష్మి:
వెంకట్ గారు చెప్పిన పరీక్ష సరైనదే. కానీ అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పేరుకు లీజే గానీ, టెక్సాస్ చట్టంలో ఇది మామూలు అద్దె ఒప్పందం కాదు. భూగర్భంలోని ఖనిజం మీద యాజమాన్యమే షరతుతో కంపెనీకి వెళ్తుంది. షరతు తప్పితే హక్కు దానంతటదే యజమానికి తిరిగి వస్తుంది. నోటీసు అక్కర్లేదు, కోర్టు రద్దు చేయాల్సిన పనీ లేదు. ఓక్లహోమాలో ఇంత కఠినంగా ఉండదు. అక్కడ బావికి గిట్టుబాటుగా తీయగల సామర్థ్యం ఉంటే చాలు.

హక్కు తిరిగొచ్చింది కదా అని చేతులు కట్టుకుని కూర్చుంటే మాత్రం మునుగుతాం. 2003 నాటి పూల్ కేసు చూడండి. ఎప్పుడో ఉత్పత్తి ఆగిందని, కాబట్టి లీజులు అప్పుడే పోయాయని యజమానులు వాదించారు. కంపెనీలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి గ్యాస్ తీస్తూనే ఉన్నాయి. లీజులు పోయాయనుకున్నా, అన్నాళ్ల స్వాధీనంతో పాత లీజు హక్కునే కంపెనీలు మళ్లీ సంపాదించాయని కోర్టు తేల్చింది. రాయల్టీ చెక్కు వస్తోంది కదా అని ఊరుకునేవాళ్లంతా చదవాల్సిన తీర్పు అది.

శ్రీధర్:
మరి ఆ వందల ఎకరాల సంగతి?

లక్ష్మి:
దానికి మందు సంతకానికి ముందే ఉంది శ్రీధర్ గారూ. మొదటి గడువు అయ్యాక ఒక్కో బావికి కేటాయించిన ఎకరాలే కంపెనీకి, మిగతాది యజమానికి అని లీజులోనే రాయించాలి. ఎన్ని అడుగుల లోతు వరకో కూడా రాయించాలి. 2018లో ఎండీవర్ వర్సెస్ డిస్కవరీ కేసు ఇలాంటి షరతు మీదే నడిచింది. ఒక్కో బావికి 160 ఎకరాల దాకా చూపుకునే వీలుండి కూడా, ఎండీవర్ కంపెనీ, టెక్సాస్‌లో ఆయిల్, గ్యాస్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ రైల్‌రోడ్ కమిషన్‌కు ఇచ్చిన కాగితాల్లో సుమారు 81 ఎకరాలే చూపింది. మిగతాదాని మీద లీజు పోయింది.

వెంకట్:
ఒక కాగితం పొరపాటుకు అంత శిక్షా? నాకది న్యాయంగా అనిపించదు.

లక్ష్మి:
ఆ కాగితం నింపింది కంపెనీయే కదండీ. అందులో ఏం రాసిందో చూసే తర్వాతివాళ్లు ఆ భూమి మీద కొత్త లీజు తీసుకుంటారు. వాళ్లు ఇంకేం చూసి నమ్మాలి?