హీలియంలో ‘యం’ ఎక్కడిది? ‘రవిజని’ అనవచ్చా?

ప్రశ్న: ఉదజని (హైడ్రోజన్), నత్రజని (నైట్రోజన్) లాగే హీలియాన్ని ‘రవిజని’ అనడం కనబడింది. వ్యుత్పత్తి కుదురుతుందా? పిల్లల సైన్సు వ్యాసంలో ఏది వాడాలి?

జవాబు 1: ఉదజని అంటే నీటిని పుట్టించేది. అదే వరసలో చదివితే రవిజని ‘సూర్యుణ్ణి పుట్టించేది’ అవుతుంది. ‘రవియందు జనించినది’ అని విగ్రహవాక్యం చెప్పుకుంటే తప్ప అర్థం నిలవదు. ఒకే ‘జని’ రెండు వైపులకీ లాగితే పిల్లలు తికమకపడతారు. పైగా మూలపదం మనకేం పరాయిది కాదు. హీలియం పేరుకు మూలమైన గ్రీకు ‘హీలియోస్’ (సూర్యుడు), సంస్కృత ‘సూర్య’ ఒకే పాత మాట నుంచి చీలిన దాయాదులు. పదాది సకారం గ్రీకులో హకారమవుతుంది. సప్త, హెప్టా జంటలో జరిగింది కూడా ఇదే.

జవాబు 2: రవిజనికి ఇంకో అభ్యంతరం ఉంది. సిలిండర్లో మనకు దొరికే హీలియం సూర్యుడిలో పుట్టింది కాదు. భూమి లోపల యురేనియం, థోరియం క్షయమవుతూ ఆల్ఫా కణాలను వదులుతాయి. ఒక్కో ఆల్ఫా కణం రెండు ఎలక్ట్రాన్లను పట్టుకుంటే హీలియం పరమాణువు అవుతుంది. అలా పోగైన వాయువు సహజవాయువుతో పాటు రాతిపొరల కింద చిక్కుకుంటే, దాన్ని వేరుచేసి అమ్ముతారు. పుట్టుక చెప్పే పేరే కావాలంటే ‘భూజని’ అనాలి మరి!

జవాబు 3: ‘యం’ సంగతి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని (కాంతిని రంగులుగా విడదీస్తే కనబడే పట్టీని) ఖగోళ శాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరులో, పోగ్సన్ మచిలీపట్నంలో చూశారు. ‘హీలియం గుంటూరులో దొరికింది’ అని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు, అక్కడ జాగ్రత్త. జాన్సెన్ పట్టు పెట్టింది హైడ్రోజన్ గీతల మీద. గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని మర్నాడే తేల్చారు. ఆ వర్ణపటంలోని పసుపు గీతను చాలామంది సోడియం అనుకున్నారు. పొరపాటుకు కారణం దగ్గరతనమే: సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంటుంది. ఆ తేడాను అక్టోబరు 20న లండన్‌లో గ్రహణం లేకుండానే పట్టుకున్నది ఖగోళ శాస్త్రవేత్త లాకియర్. ఆ గీతకు కారణమైన కొత్త మూలకం లోహమై ఉంటుందనుకుని సోడియం, కాల్షియం వరసలో ‘ఇయం’ తగిలించారు. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే క్లీవైట్ ఖనిజం నుంచి వాయువుగా పట్టేసరికి పేరు స్థిరపడిపోయింది. లేకుంటే ఆర్గాన్, నియాన్‌లాగా ‘హీలియాన్’ అయ్యేది.

జవాబు 4: ఆ పొరపాటు తెలుగుకు కలిసొచ్చింది. నియాన్‌ను, నియాన్‌కు అంటూ హల్లు మీద విభక్తి అతికించాలి. హీలియం మాత్రం సాయం, న్యాయం లాగే నడుస్తుంది: హీలియాన్ని, హీలియానికి, హీలియంతో. ‘హీలియంని’ అని రాయకండి, చెవికి ఎబ్బెట్టు. ఇంతగా ఇమిడిన మాటకు అనువాదం ఎందుకు?

ప్రశ్న: ‘గ్యాస్ బుడగ’ అంటే హీలియం బుడగేనా?

జవాబు 4: కాదు, వ్యాసంలో ఈ రెండూ కలపకండి. తిరనాళ్లలో అమ్మే గ్యాస్ బుడగలో హైడ్రోజన్ ఉండవచ్చు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. హీలియం మండదు. తేలడంలో తేడా స్వల్పమే. గాలి సగటు అణుభారం 29, హైడ్రోజన్ 2, హీలియం 4. తేలే బలం 27కి 25, అంతే. లీటరు హీలియం ఇంచుమించు ఒక గ్రాము ఎత్తుతుంది. 14 లీటర్ల రబ్బరు బుడగ తన బరువు 3 గ్రాములు పోను 11 గ్రాములు మోస్తుంది. మర్నాటికి వాలిపోవడానికి కారణం ముడి వదులవడం ఒక్కటే కాదు, రబ్బరు గుండానే హీలియం ఊరిపోతుంది. ‘జడవాయువు’ అన్నారు కదా అని పీల్చవచ్చనుకుంటారు, ఆ వాక్యం తప్పక చేర్చండి: జడం అంటే రసాయనికంగా కలవనిది అని మాత్రమే. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తే స్పృహ తప్పుతుంది, సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే ప్రాణమే పోవచ్చు.