కర్త కనిపించని ఇంగ్లీషు పార్టిసిపుల్ క్లాజు ఎప్పుడు తప్పవుతుంది?

పోటీపరీక్షార్థి:
బ్యాంకు పరీక్షల కోసం వాక్యాల్లో తప్పులు గుర్తించే ప్రశ్నలు సాధన చేస్తున్నాను. "బీయింగ్ ఎ హాలిడే, ద బ్యాంక్ వజ్ క్లోజ్డ్" అన్న వాక్యం తప్పనీ, "ఇట్ బీయింగ్ ఎ హాలిడే" అని ఉండాలనీ జవాబుల్లో ఇచ్చారు. "హేవింగ్ ఫినిష్డ్ ద వర్క్, ద లైట్స్ వర్ స్విచ్డ్ ఆఫ్" కూడా తప్పేనట. "సెలవు కావడంతో బ్యాంకు మూసి ఉంది", "పని ముగించి లైట్లు ఆర్పేశారు" అని మనం నిస్సంకోచంగా రాస్తాం కదా, ఇంగ్లీషులో అభ్యంతరమేమిటి? పైగా అదే పుస్తకంలో "కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద పర్ఫార్మెన్స్ వజ్ గుడ్" అన్నది సరైన వాక్యమని ఉంది. వయసును లెక్కలోకి తీసుకున్నది పర్ఫార్మెన్స్ కాదు కదా!

విశ్రాంత ఉపాధ్యాయుడు:
పార్టిసిపుల్ క్లాజులో, అంటే "బీయింగ్", "హేవింగ్ ఫినిష్డ్" వంటి క్రియారూపంతో ఏర్పడే ఉపవాక్యంలో, కర్త కనిపించకపోతే, ప్రధాన వాక్యంలోని కర్తే దానికీ కర్త అని ఇంగ్లీషు పాఠకుడు అనుకుంటాడు. ఆ లెక్కన మీ రెండో వాక్యంలో పని ముగించినవి లైట్లే, మొదటి వాక్యంలో సెలవుదినం బ్యాంకే! రోజు, వేళ, వాతావరణం గురించి చెప్పేటప్పుడు తెలుగులో కర్త అక్కరలేదు గానీ, ఇంగ్లీషులో "ఇట్ వజ్ ఎ హాలిడే" అని "ఇట్" పెట్టి తీరాలి. ఆ వాక్యాన్ని క్లాజుగా కుదించినా "ఇట్" అలాగే ఉండాలి.

మన విద్యార్థులు ఎక్కువగా పొరబడేది కర్మణి ప్రయోగం దగ్గర. "ఆర్పేశారు" అన్న క్రియ చివరి ప్రత్యయమే చేసినవారు మనుషులని చెబుతుంది. ఇంగ్లీషులో దాన్ని "వర్ స్విచ్డ్ ఆఫ్" అని రాయగానే చేసినవారు మాయమై, లైట్లు కర్తస్థానంలోకి వస్తాయి. "హేవింగ్ ఫినిష్డ్ ద వర్క్, వి స్విచ్డ్ ఆఫ్ ద లైట్స్" అంటే సరిపోతుంది. కర్మణి ప్రయోగమే కావాలంటే "ఆఫ్టర్ ద వర్క్ వజ్ ఫినిష్డ్" అని మొదలుపెట్టండి.

"కన్సిడరింగ్", "రిగార్డింగ్", "జడ్జింగ్ బై", "జనరలీ స్పీకింగ్" వంటివి వాక్యంలో ఎవరో చేసిన పనిని కాక, చెప్పేవారి దృష్టిని తెలుపుతాయి. వాడుకలో స్థిరపడిపోయినందువల్ల వాటికి మినహాయింపు దొరికింది. దాన్ని మిగతా క్రియలకు విస్తరించకూడదు.

అనువాదకురాలు:
మాష్టారి వివరణకు ఒక చేర్పు. తెలుగులో ఈ నియమం అసలే లేదనుకోనక్కరలేదు. క్త్వార్థకానికీ ("చేసి", "ముగించి" వంటి రూపానికీ) ప్రధాన క్రియకూ కర్త ఒకటే కావాలని మన వ్యాకరణమూ చెబుతుంది. అయితే "వానలు కురిసి చెరువులు నిండాయి" అన్నట్టు మొదటిది రెండోదానికి కారణమైన చోట వాడుక వేరు కర్తలను అంగీకరిస్తుంది. ఇంగ్లీషు కూడా అంగీకరిస్తుంది గానీ, క్లాజు కర్తను విడిగా చెప్పాలి: "ద రెయిన్స్ హేవింగ్ ఫెయిల్డ్, ద ఫార్మర్స్ లెఫ్ట్ ద విలేజ్." ఇది కొంత బిగుసుకుపోయిన శైలి, మామూలు ఉత్తరాల్లో నేనైతే "బికాజ్" తోనే రాస్తాను.

ఇక కాలం సంగతి. "చేసి", "చేస్తూ" రెండింటికీ "ఇంగ్" రూపమే వాడితే అర్థం మారే ప్రమాదముంది. "రీడింగ్ ద లెటర్, షి క్రైడ్" అంటే చదువుతుండగా ఏడ్చిందనిపిస్తుంది. చదవడం ముగిశాకే ఏడ్చిందని స్పష్టం చేయాలంటే "హేవింగ్ రెడ్" అనాలి. వెంటవెంటనే జరిగే చిన్న పనులకు మాత్రం "ఓపెనింగ్ ద డోర్, హి వాక్డ్ ఇన్" అన్నా చాలు.

పోటీపరీక్షార్థి:
ఇద్దరికీ ధన్యవాదాలు. "ఐ యామ్ నోయింగ్" తప్పని బడిలో నేర్పారు. అలాంటప్పుడు "నాట్ నోయింగ్ ద వే, వి ఆస్క్డ్ ఎ పోలీస్‌మన్" ఎలా ఒప్పవుతుంది?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఆ నిషేధం కంటిన్యుయస్ టెన్సుకు సంబంధించినది. ఇక్కడి "నోయింగ్" జరుగుతున్న పనిని చెప్పడం లేదు. "బికాజ్ వి డిడ్ నాట్ నో" అన్న కారణాన్నే కుదించి చెబుతోంది. దారి అడిగినదీ, దారి తెలియనిదీ "వి" కాబట్టి కర్త కూడా కుదిరింది. "నాట్" ఎప్పుడూ ముందే రావాలి: "నాట్ హేవింగ్ రిసీవ్డ్ ఎ రిప్లై, షి రోట్ ఎగైన్" అనాలే తప్ప "హేవింగ్ నాట్" అని రాయకండి, పరీక్షల్లో దాన్ని తప్పుగా లెక్కించవచ్చు.