డిమోయిన్ చలిలో నడక ఎట్లా?

మాది హనుమకొండ. అక్టోబరులో ఆరు నెలలకు కొడుకు దగ్గరికి అమెరికాల ఐయోవా రాష్ట్రంలోని డిమోయిన్ పోతున్నాం. మా ఆయనకు పొద్దున భద్రకాళి చెరువు గట్టు మీద నడవకపోతే టిఫిన్ దిగదు. అక్కడ మంచులో ఎట్లా?

— అక్కా, పోయిన చలికాలం నేను అక్కడే ఉన్నాను. డౌన్‌టౌన్‌లో బిల్డింగులను కలుపుతూ రోడ్డు పైనుంచి అద్దాల దారులుంటాయి, స్కైవాక్ అంటారు. దాదాపు 4 మైళ్లు. లోపల స్వెటర్ చాలు. ఇల్లు వెస్ట్ డిమోయిన్‌లో అయితే మాత్రం అది వేరే ఊరు. కారు లేనిదే కాలు కదలదు.

— డౌన్‌టౌన్‌లో శనివారం సంత అక్టోబరు దాకానే. దిగంగానే పోయి చూడండి. ఐయోవా అంతా మక్కచేన్లే, మన పరకాల దిక్కు పోయినట్టే ఉంటుంది. కాల్చిన కంకికి నిమ్మకాయ రుద్ది ఇచ్చే అవ్వ ఉండదు, అంతే తేడా.

— థాంక్స్ తమ్ముడూ. ఇల్లు వెస్ట్ డిమోయిన్‌లోనే అట. ఆయనకు ఇంకా చెప్పలేదు.