గంగవాయిలి కూరా, తెల్ల గలిజేరా? గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న:
మా అమ్మ మక్కచేనులో కలుపు తీసేటప్పుడు గంగవాయిలి కూరను వేరుగా ఏరి, ఒడిలో వేసుకొని వచ్చి పెసరపప్పుతో వండేది. ఈ వానలకు మా పెరట్లో అలాంటి మొక్కే నేలంతా పరుచుకున్నది. కాడలు ఎర్రగా, ఆకులు మందంగా ఉన్నాయి. అది తెల్ల గలిజేరు కావచ్చని పక్కింటి పెద్దాయన అంటున్నారు. అడుగుదామంటే అమ్మ లేదు. వండే ముందు నిర్ధారించుకునే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
ముందుగా పూలు చూడండి. గంగవాయిలికి కొమ్మల చివర, ఆకుల గుత్తి నడుమ చిన్న పసుపు పూలు పూసి, ఎండ వచ్చాక కొన్ని గంటలే విచ్చుకొని ఉంటాయి. తెల్ల గలిజేరు పూలు తెల్లగానో లేత గులాబీ రంగులోనో ఉంటాయి. గంగవాయిలి ఆకు కాడవైపు సన్నబడుతుందే తప్ప దానికి చెప్పుకోదగిన తొడిమ ఉండదు. గలిజేరుకు తొడిమ స్పష్టంగా కనబడుతుంది, ఎదురెదురు ఆకుల జతలో ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. గలిజేరు లేత ఆకులనూ మనవాళ్లు వండుకుంటారు కనుక ఆ పొరపాటు పెద్దది కాదు. అసలు జాగ్రత్తపడవలసింది నేలబారు నానబాలు మొక్కల విషయంలో. కాడ తుంచినప్పుడు తెల్లని పాలు కారితే అది గంగవాయిలి కానే కాదు, పారవేయండి.

రెండవ జవాబు:
వంట గురించి ఒక మాట. నీటి ఎద్దడిలో ఉన్న గంగవాయిలి రాత్రివేళ ఆకుల్లో మాలిక్ ఆమ్లాన్ని నిల్వ చేసుకొని పగలు వాడుకుంటుంది. అందుకే తెల్లవారి కోసిన కూర సాయంత్రం కోసినదానికంటే పుల్లగా ఉంటుంది. దాన్నిబట్టి చింతపండు తగ్గించండి. లేత కాడలు పారవేయవద్దు, రుచి వాటిలోనూ ఉంది. పప్పు సగం ఉడికాక కూర వేస్తే చాలు.

మూడవ జవాబు:
ఆకుకూరల్లో అరుదుగా దొరికే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇందులో బాగానే ఉన్నా, ఆక్సలేట్లు కూడా ఎక్కువే. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా తినవద్దు. కలుపు మందు చల్లిన చేలలో, మురుగు కాలువల పక్కన ఎంత నిగనిగలాడుతూ కనిపించినా కోయకండి.

అడిగినవారు:
కాడ తుంచి చూశాను, పాలు రాలేదు. ఈ ఉదయం తొమ్మిది గంటలకు పసుపు పూలు విచ్చుకున్నాయి. రేపు పెసరపప్పుతో వండుతాను.