పండక్కి ఇంటినిండా చుట్టాలు, అత్తగారికి షుగరు: రొంపలు అంటకుండా ఏం చేయాలి?

రాజోలు కోడలు:
మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. ధనుర్మాసం మొదలైంది, పొద్దున్నే ఎదురింటి అరుగు కూడా కనపడనంత మంచు. మా అత్తగారికి డెబ్భై దాటాయి, షుగరు ఉంది. అయినా తెల్లవారుజామునే చన్నీళ్ళతో తలస్నానం చేసి గుడికి వెళ్ళాల్సిందే. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మరిది వాళ్ళు, ఆడపడుచు పిల్లలు దిగుతారు. పోయినసారి కనుమ నాటికి ఇంట్లో అందరికీ దగ్గులే, ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చాల్సొచ్చింది. పెరుగు, అరటిపండు మానిపించమని ఊళ్ళో అంటున్నారు. నిజంగా పనిచేసేవి చెప్పండి.

పాలకొల్లు సిస్టరమ్మ:
అమ్మా, నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. పెరుగుని వదిలేయండి, పాపం దాని తప్పేం లేదు. రొంపైనా ఫ్లూ అయినా వైరస్‌ల వల్లే, ఒకళ్ళ నుంచి ఇంకొకళ్ళకి వస్తాయి. చలికి తలుపులు బిడాయించుకుని పదిమందీ ఒకే గదిలో పడుకుంటాం చూడండి, అంటుకునేది అక్కడ. ఒక కిటికీ తెరిచి ఉంచి, దుప్పటి ఇంకోటి కప్పుకోండి.

పెరట్లో తీగ మీద ఒక తువ్వాలు వేలాడుతూ ఉంటుందా? వచ్చినవాళ్ళంతా కాళ్ళు కడుక్కుని మొహం దాంతోనే తుడుచుకుంటారు. నన్నడిగితే ముందు దాన్ని తీసేయండి. మనిషికో తువ్వాలు ఇవ్వండి. బిందెలో గ్లాసులు ముంచనివ్వకుండా కాడ గరిటె పెట్టండి. కుళాయి దగ్గర సబ్బు ఉండాలి, 20 సెకన్లైనా రుద్దాలి. సున్నుండలు చుట్టే చేతుల గురించి మరీ చెబుతున్నా, ముక్కు చీదినవాళ్ళని ఆ పళ్ళెం దగ్గరికి రానివ్వకండి.

చన్నీళ్ళలోంచి వైరస్ పుట్టుకురాదు గానీ, ఆ వయసులో వణుకు దేనికి? వేడినీళ్ళు పెట్టి, తల ఆరాక పంపండి. దగ్గుతున్న మనవణ్ణి పక్కలో పడుకోబెట్టుకోనివ్వకండి. బామ్మలు వినరు, నాకు తెలుసు. పోట్లాడైనా ఆపండి.

అన్నిటికన్నా ముందు ఫ్లూ టీకా. 65 దాటినవాళ్ళకి, షుగరు ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం. వైరస్ మారిపోతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అందుకని ఈ వారంలోనే డాక్టరుగారిని అడగండి. మామూలు రొంపని ఇది ఆపదు, ఆ ఆశ పెట్టుకోకండి.

అత్తిలి రైతు:
ఆయ్, నాదో మాట. నూర్పిళ్ళప్పుడు దుమ్ముకి మా ఇంట్లో అందరం తుమ్ముతాం. కళ్ళు దురద, జ్వరం మాత్రం ఉండదు. దానికీ రొంప మందులే మింగుతుంటాం. మా ఊళ్ళో ఒకాయనైతే జలుబనగానే సూది, యాంటీబయాటిక్. అవసరమంటారా?

పాలకొల్లు సిస్టరమ్మ:
జ్వరం లేకుండా కళ్ళు దురదపెడితే చాలావరకు ఎలర్జీయే. కండువా ముక్కుకి చుట్టుకుని కళ్ళంలోకి దిగండి. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. అడిగి మరీ రాయించుకునే మన అలవాటు ముందు పోవాలి.

రాజోలు కోడలు:
టీకా సంగతి రేపే కనుక్కుంటానండి. ఆవిరి, మిరియాల చారు, పసుపు పాలు? పిల్లలకి బామ్ రాయొచ్చా?

పాలకొల్లు సిస్టరమ్మ:
చారు నేనూ తాగుతాను, గొంతుకి హాయి. అంతవరకే. ఆవిరితో ముక్కు కాస్త వదులవుతుందేమో గానీ వైరస్ చావదు. మరుగుతున్న గిన్నె దగ్గరికి పిల్లల్ని తేకండి, ఒలికి ఒళ్ళు కాలినవాళ్ళని చూశాను. కర్పూరం ఉన్న బామ్ రెండేళ్ళలోపు పిల్లలకి వద్దు, ఏడాదిలోపు పిల్లలకి తేనె నాకించొద్దు. అత్తగారికి దగ్గు సిరప్ కొనేటప్పుడు షుగరుందని చెప్పండి, చాలా సిరప్‌లలో పంచదార ఉంటుంది. జబ్బు చేసినప్పుడు షుగరు పెరుగుతుంది కూడా, రోజూ చూసుకోండి.

అంబాజీపేట అబ్బాయి:
కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే బామ్మగారికి మాస్కు పెట్టండి. ఆ జనంలో దూరం పాటించడం మా వల్లే కాదు. భోగి మంటలో టైర్లు వేస్తే ఆ పొగకి ఆయాసం ఉన్నవాళ్ళు నిలబడలేరు, పిడకలూ కట్టెలూ చాలు.

పాలకొల్లు సిస్టరమ్మ:
బాగా చెప్పావు నాయనా. రాజోలు అమ్మా, మీ మరిదిగారికి ఇప్పుడే ఫోన్ చేయండి. బయల్దేరేముందు పిల్లలకి జ్వరం వస్తే, మందు వేయకుండానే ఒక రోజంతా జ్వరం లేకుండా గడిచాకే బస్సెక్కమనండి. అత్తగారికి ఎగశ్వాస వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా, మాట తడబడినా, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టినా పండగని చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కారున్నవాళ్ళ నంబరు ఒకటి రాసిపెట్టుకోండి, పండగ మూడు రోజులూ ఆటోలు దొరకవు.